చుక్కలు గుండ్రంగా వచ్చిన రాత్రి

విజయనగరం,
3 ఏప్రిల్ 2017

ఒరే ఉపేంద్రా,

నీ మెమరీ కార్డు అందింది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని మీ బావ నామీద ఎగిరాడు గానీ, నీ ఫోటోలు చూశాక ఆ చేదు ఓ లెక్కలోది కాదనిపించింది. ఫోనులో మాట్లాడితే ఇద్దరం అరుచుకుని పెట్టేస్తాం. అందుకే కార్డుతోపాటు కాగితం. తిట్లు తాపీగా చదువుకో.

మొదటి ఫ్రేములన్నీ నల్లగా ఉన్నాయి. అది ఆకాశం నలుపు కాదు, లెన్సు మూత నలుపు. మూత తియ్యకుండా అరగంటసేపు నక్షత్రాలకి ఫోటో తీసినవాడు జిల్లా మొత్తానికి నువ్వొక్కడివే అయివుంటావు. తరవాత ధ్రువనక్షత్రం. మనవైపు అది నేలకి దగ్గరగా, మసకలో ఉంటుందని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నువ్వు దానికి కాస్త పైన బాగా మెరిసే ఇంకోదాన్ని పట్టుకున్నావు. ఆకాశంతోపాటు కెమెరాని తిప్పే ఆ చిన్న యంత్రం పాపం నువ్వు చూపించిన తప్పుదారినే తిరిగింది. చుక్కలన్నీ జీలకర్ర గింజలయ్యాయి.

ఇవన్నీ నువ్వు దిద్దుకోగలవు. అసలు గొడవ మూడు చోట్ల ఉంది. మీ కాపలా ముసలాయన టార్చి కొట్టుకుంటూ గట్టుమీద తిరిగినప్పుడల్లా ఫ్రేము మొత్తం పాలు ఒలికినట్టు తెల్లబడింది. మీ మావ రొయ్యల చెరువు చుట్టూ వేసిన లైట్ల వల్ల ఆకాశం బూడిదరంగులో ఉంది. ఇక చెరువులో తిరిగే ఆ ఫ్యాన్ల వణుకు గట్టుమీదుగా కెమెరా స్టాండుకి ఎక్కి, ప్రతి చుక్కా రెండయింది.

పెళ్లి ఆల్బముల్లో పెళ్లికూతురి మొహంమీద మొటిమలు తుడిచి తుడిచి నా కళ్లు పోతున్నాయి. ఏడాదికోసారైనా నాకోసం ఒక మంచి బొమ్మ చెయ్యాలని ఉండదా? పోయినసారి మనం ఇంటర్నెట్లో పెట్టిన ఫోటో చూసి పూనా ఆయనెవరో ఇది ఆమ్లెట్టా అని అడిగాడు. నేను మర్చిపోలేదు. జ్యేష్ఠ నక్షత్రం చుట్టూ ఉన్న ఆ పసుపు, నీలం మబ్బులు నాకు కావాలి. ఈ ఎండాకాలం దాటితే మళ్లీ వచ్చే ఏడే.

మరదలు దీపికని అడిగానని చెప్పు.

మీ అక్క,
హైమ

నౌపడ,
10 ఏప్రిల్ 2017

అక్కా,

నీ ఉత్తరం దీపిక గట్టిగా చదివింది. లెన్సు మూత దగ్గర దానికి నవ్వు ఆగలేదు. అత్తారింట్లో నా పరువు నువ్వు ఇలా కార్డుకో కాగితం చొప్పున తీస్తున్నావు.

మూత, ధ్రువుడు నా తప్పే. మిగతా మూడూ నా చేతిలో లేవు. మీ స్టూడియోలో పెళ్లిళ్లు తీసుకుంటూ బతికినప్పుడు నామీద అరిచేది బావ ఒక్కడే. ఇక్కడ మా మావ జగన్నాధం ఉన్నాడు. ఆయనకి నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. పోయినవారం కాపలా సింహాచలం కునుకు తీశాడని వీపుమీద తన్ని చెరువులోకి తోశాడు. డెబ్బైయేళ్ల మనిషి. ఒళ్లంతా బురదతో లేచి, "తప్పయిపోనాది బాబూ" అని దండం పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. చూస్తూ నిలబడ్డాను.

ఫ్యాన్ల మాట మళ్లీ ఎత్తకు. రొయ్యలకి నీళ్లలో గాలి అందేది వాటివల్లే. రాత్రిపూట అవి ఆగితే తెల్లారేసరికి చెరువు మొత్తం ఊపిరాడక పోతుంది. ఈ నెలాఖరుకి రొయ్యల పట్టుబడి. ఇంట్లో అందరూ ఆ చెరువు చుట్టూనే తిరుగుతున్నారు. లైట్లయితే దొంగల భయానికి వేసినవి. విసురు వలలతో వచ్చి ఎత్తుకుపోతారట.

ఇంకో గొడవ కూడా ఉంది. మా చెరువుకి దక్షిణం పక్క దాలయ్య ఉప్పుమళ్లు. మేం వదిలే మురుగునీళ్లు కాలవ గట్టు దాటి ఆయన మళ్లలోకి ఇంకి, ఉప్పు నల్లబడుతోంది. ఆయన కాలవకి మట్టిమూటలు అడ్డం వేస్తాడు, మావ మనుషులు వాటిని తెగ్గొడతారు. మొన్న సంతలో అందరిముందు, "నీ మోటార్లు కాలిపోను, నీ సెరువు ఎండిపోను" అని దుమ్మెత్తిపోశాడు. మావ పార తిరగేసి దాని కర్రతో ఆయన కాళ్లమీద కొట్టాడు. జనం విడదీశారు.

ఈ మనుషుల మధ్య నీకు జ్యేష్ఠ మబ్బులు కావాలి.

నీ తమ్ముడు,
ఉపేంద్ర

విజయనగరం,
17 ఏప్రిల్ 2017

ఒరే తమ్ముడూ,

మీ మావ గొప్పలు నాకెందుకు? ఇరవయ్యారున అమావాస్య. ఆ ఒక్క రాత్రి రెండు మూడు గంటలు లైట్లు లేకపోతే ఆయన కొంపేం మునిగిపోదు. అడిగితే ఒప్పుకోడని తెలుసు. అడగకు. ఏదో ఒకటి చెయ్యి. ఆ ముసలాయన్ని కూడా ఆ రాత్రికి ఇంటికి పంపెయ్. ఎలాగూ నువ్వు మెలకువగా ఉంటావు కదా, కాపలా నువ్వే కాస్తావు.

వణుకు సంగతి ఏం చేద్దామో నాకూ తోచడం లేదు. స్టాండు కాళ్లకింద తడి ఇసుక మూటలు పెట్టి చూడు. మంచు పడితే లెన్సుకి గుడ్డ చుట్టు. ఫోకసు సరిచేశాక ఆ రింగుని టేపుతో అంటించు, పోయినసారి నీ మోచెయ్యి తగిలి జరిగిపోయింది.

ఈసారి కూడా పాడుచేస్తే కెమెరా వెనక్కి పంపించు. బావ దాన్ని పుట్టినరోజు ఫోటోలకి వాడుకుంటాడు.

హైమ

నౌపడ,
27 ఏప్రిల్ 2017

అక్కా,

కార్డు పంపుతున్నాను. విజయనగరం వెళ్లే స్నేహితుడు పాసింజరు ఎక్కుతున్నాడు, స్టేషను బెంచీమీద కూర్చుని గబగబా రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. సాయంత్రమే సింహాచలాన్ని ఇంటికి పొమ్మన్నాను. "అయ్యగారికి తెలిస్తే సంపేస్తారు బాబూ" అన్నాడు. నేనున్నానుగా అని పంపించాను. జ్యేష్ఠ పైకి వచ్చాక స్తంభం దగ్గరికి వెళ్లి, మూడు ఫ్యూజుల్లో లైట్లది ఏదో చూసి పీకాను. చెరువంతా ఒక్కసారి చీకటి. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, ఆ చప్పుడు విన్నాకే కదిలాను. ఇంత సులువైన పనికి ఇన్నాళ్లు భయపడ్డాను.

ఆకాశం చూసి నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నాను. కెమెరా దానంతట అదే రెండేసి నిమిషాలకి ఫోటో తీసుకునేలా పెట్టాను. తెల్లవారగట్ల ఫ్యూజు మళ్లీ పెట్టేశాను. ఎవరికీ తెలీదు.

రైలు వస్తోంది.

ఉపేంద్ర

నౌపడ,
29 ఏప్రిల్ 2017

అక్కా,

అక్షరాలు కూడబలుక్కుని చదువు.

మొన్న నీకు కార్డు పంపి స్టేషను నుంచి చెరువు దగ్గరికి వచ్చేసరికి గట్టుమీద కాకులు, కొంగలు ముసిరి ఉన్నాయి. రొయ్యలు అంచుకి కొట్టుకొచ్చి తెల్లగా పడివున్నాయి. చెరువు మొత్తం పోయింది. ఫ్యాన్ల మోటార్లన్నీ కాలి కంపు కొడుతున్నాయి. మావ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి చచ్చిన రొయ్యల్ని దోసిళ్లతో ఎత్తి గట్టుమీద కొడుతున్నాడు.

సింహాచలాన్ని పిలిపించాడు. ఆ ముసలాడు "అల్లుడుగారు ఇంటికెల్లమన్నారు" అని పూర్తిగా అననే లేదు, చెంప పగిలింది. కిందపడ్డాక కూడా తన్నాడు. తరవాత నావైపు తిరిగి, "నివ్వున్నావు గదా, ఏటి సూసావు?" అన్నాడు. అర్ధరాత్రి దాటాక దాలయ్య మళ్లవైపు నుంచి టార్చి వెలుగు మన గట్టుమీదికి రావడం చూశానని చెప్పాను.

ఇక ఎవరూ ఆగలేదు. మావ, ఆయన మనుషులు, నేను. గట్టుమీదినుంచి తీసిన కెమెరా స్టాండు నా చేతిలో అలాగే ఉంది. దాలయ్య వంగి ఉప్పు పోగేస్తున్నాడు. "నానేటి సేసాను, నానేటి సేసాను" అని అరుస్తూనే ఉన్నాడు. ఎవరి దెబ్బ ఎక్కడ తగిలిందో నాకు తెలీదు. ఉప్పుకుప్పమీద వెల్లకిలా పడ్డాడు. దెబ్బల్లోకి ఉప్పు దిగి ఆయన పెట్టిన కేక స్టేషను దాకా వినిపించిందట. ఆయన లేచినచోట ఉప్పు ఎర్రగా ఉంది.

ఇప్పుడు శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఉన్నాడు. దవడ విరిగింది, కుడిచేతి వేళ్లు నలిగాయి. తీగలు కలిపి మోటార్లు కాల్చాడని, చెరువులో మందు కలిపాడని మావ ఆయనమీద కేసు పెట్టాడు. ఆసుపత్రి నుంచి వదలగానే జైలుకేనట. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా దెబ్బలకి సాక్షులు లేరు, ఆయన పగకి సంతంతా సాక్షే.

ఫోటోల మాట ఇప్పుడు రాయకు.

ఉపేంద్ర

విజయనగరం,
29 ఏప్రిల్ 2017

ఒరే బంగారు తండ్రీ,

ఇన్నాళ్లు తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నిన్నంతా వంట చెయ్యలేదు. బావ హోటలునుంచి ఇడ్లీలు తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టి పోయాడు.

మొదట్లో కొన్ని ఫ్రేములు మామూలే, బూడిదరంగు. ఆ తరవాత ఒక్క దెబ్బకి ఆకాశం కాటుకలా అయింది. అక్కడే నువ్వు ఫ్యూజు పీకావన్నమాట. అప్పటికింకా చుక్కలు జంటలుగానే ఉన్నాయి. ఓ గంటపైన గడిచాక వణుకు కొంచెం తగ్గింది, ఇంకాస్త తగ్గింది, చివరికి పూర్తిగా పోయింది. అక్కడినుంచి ఒక్కొక్క చుక్క సూదితో పొడిచినట్టు గుండ్రంగా ఉంది. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి రంగు లాగేసరికి జ్యేష్ఠ చుట్టూ పసుపు మబ్బు విచ్చుకుంది. పూనా ఆయన ఇప్పుడు ఏమంటాడో చూస్తాను.

అవునుగానీ, ఫ్యాన్లు కూడా ఆపించావా? ముందు ముట్టుకోనన్నావు. మీ మావని ఎలా ఒప్పించావో వివరంగా రాయి.

మీ అక్క,
హైమ

విజయనగరం,
3 మే 2017

ఉపేంద్రా,

నీ ఉత్తరం చదివాను. నిన్ను మెచ్చుకుంటూ రాసిన నా ఉత్తరం ఈపాటికి నీకు చేరివుంటుందని గుర్తొచ్చింది. ఒకటికి రెండుసార్లు స్నానం చేశాను.

స్టూడియోకి వైరింగు చేసే మేస్త్రిని అడిగాను, ఎవరి సంగతో చెప్పలేదు. మూడు ఫ్యూజుల్లో ఒకటి పీకితే దానిమీదున్న లైట్లు పోతాయట. మూడూ కావలసిన పెద్ద మోటార్లు మాత్రం వెంటనే ఆగవట. మిగతా రెండింటిమీదే మూలుగుతూ కాసేపు తిరిగి, వేడెక్కి, ఒకదాని తరవాత ఒకటి కాలిపోతాయట. నువ్వు విన్న చప్పుడు అదే. నేను మురిసిపోయిన గుండ్రటి చుక్కలూ అవే. వణుకు మెట్టుమెట్టుగా తగ్గిందని రాశానే, ఒక్కో మెట్టుకీ ఒక్కో ఫ్యాను చచ్చింది.

ఇంకోటి. సింహాచలం టార్చి పడితే ఫ్రేము ఎలా అయిపోతుందో నీకు తెలుసు. ఈ కార్డులో ఒక్కటి కూడా అలా తెల్లబడలేదు. దాలయ్య మళ్లవైపే కెమెరా పెట్టావు. ఏ టార్చీ రాలేదు. ఫ్యాన్లు ఆగిపోతే నీకు వినపడలేదంటే నువ్వు నిద్రపోయి ఉండాలి. నిద్రపోయానని చెప్పడానికి సిగ్గుపడి ఒక మనిషి పేరు చెప్పావు.

వెళ్లి నిజం చెప్పు. దాలయ్య ఆసుపత్రినుంచి బయటికి రాకముందే చెప్పు.

హైమ

నౌపడ,
8 మే 2017

అక్కా,

విజయనగరంలో ఫ్యాను కింద కూర్చుని తీర్పు చెప్పడం బాగానే ఉంటుంది.

అవును, నిద్రపోయాను. మోటారు షెడ్డులో, చెవుల్లో పాటలు పెట్టుకుని పడుకున్నాను. తెల్లారి లేచి ఫ్యూజు పెడుతుంటే ఫ్యాన్లు ఆగివున్నాయి. తెల్లారితే వాటిని ఆపుతారు, సింహాచలం వచ్చి ఆపాడేమో అనుకున్నాను. రైలు దాటిపోతుందని పరుగెత్తాను. ఎవరికో చెడు చెయ్యాలని చేశానా? లైట్లు ఆపమన్నది ఎవరు? కాపలావాణ్ణి పంపెయ్యమన్నది ఎవరు? ఏదో ఒకటి చెయ్యి అని రాసింది ఎవరు? నీ ఉత్తరం నా దగ్గరే ఉంది.

ఇక్కడ ఏం జరుగుతోందో నీకు తెలీదు. మొన్న సాయంత్రం దాలయ్య కొడుకు నరేష్ చేపలు కోసే కత్తితో నేరుగా మా వసారాలోకి వచ్చాడు. మావ చెయ్యి అడ్డం పెట్టకపోతే మెడ తెగేది. మోచేతినుంచి మణికట్టు దాకా చీలిపోయింది. దీపిక ఆ రక్తంలో జారిపడింది. నరేష్ పారిపోయాడు. ఆ రాత్రే మావ మనుషులు దాలయ్య పాక తగలబెట్టారు. లోపలున్న మేకపిల్ల అరుపు ఆగేదాకా నేను మేడమీద నిలబడి చూశాను. వెళ్లలేదు, ఆపలేదు.

ఇప్పుడు చెప్తే మావ నరుకుతాడు. వాళ్లకి తెలిస్తే నరేష్ నరుకుతాడు. చెప్పకపోతే ఒక్క దాలయ్య జైలుకి పోతాడు. నువ్వైతే ఏం చేస్తావు?

ఉపేంద్ర

విజయనగరం,
11 మే 2017

ఉపేంద్రా,

నీకు రాసింది నేనే. దాచుకున్న ఉత్తరం ఎవరికి కావాలంటే వాళ్లకి చూపించు, కింద నా సంతకం ఉంది.

ఇంటర్నెట్లోనుంచి ఫోటో తీసేశాను. పూనా ఆయన చాలా మెచ్చుకున్నాడు. చదవలేకపోయాను.

నేనైతే ఏం చేస్తానని అడిగావు. వచ్చే శనివారం, ఇరవయ్యో తేదీ లోపల నువ్వు నిజం చెప్పినట్టు కబురు రాకపోతే, ఆదివారం ఆ కార్డు పట్టుకుని నౌపడ వచ్చి మీ మావ వసారాలో నిలబడి నేనే చెప్తాను. బావకి అంతా చెప్పేశాను. వద్దన్నాడు, తరవాత నేనూ వస్తానన్నాడు. నాకు భయంగానే ఉంది. కానీ ఆ మనిషి తన ఉప్పు తాను పోగేసుకుంటుంటే వెళ్లి విరగ్గొట్టారు, ఉపేంద్రా. అన్నం ముద్ద ఎత్తినప్పుడల్లా ఆయన దవడే గుర్తొస్తోంది.

హైమ

శ్రీకాకుళం,
19 మే 2017

అక్కా,

నువ్వు బయల్దేరకు. ఈ ఉత్తరం పోలీసు స్టేషను బల్లమీద రాస్తున్నాను. కాగితం కూడా వాళ్లదే. ఒక కానిస్టేబులు పోస్టు చేస్తానన్నాడు.

ముందు మావకే చెప్పాను. నిన్న రాత్రి అన్నం తింటున్నాడు, కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తో. ఫ్యూజు నేనే పీకానని, టార్చి నేను చూడలేదని చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"తెలుసురా. మోటార్లు ఇప్పిన మేస్త్రి ఆవేళే సెప్పాడు, ఒక ఫేజు పోతేనే ఇలగ కాల్తాయని. ఫ్యూజు ఎవుడు పీకాడని నాను నిన్నడిగానా? దాలయ్య లోపలికెల్తే ఆ కాలవ నాది, ఆ మళ్లూ నావి. పోయిన రొయ్యలు నాకు అలగ తిరిగొస్తాయి. నోరిప్పావంటే నా కూతురు బొట్టు సూసి ఆగుతాననుకోకు."

అని మజ్జిగ పొయ్యమన్నాడు.

పొయ్యడానికి వచ్చిన దీపిక అంతా విన్నది. పొద్దున, "నాను మా నాన్నకి టిఫిను పెడతన్నాను. నివ్వు పెరటి గుమ్మంలోంచి ఎల్లు" అంది. ఎక్కడికని అడగలేదు.

ఆసుపత్రిలో దాలయ్య మంచం పక్కన ఆయన భార్య జగ్గమ్మ ఉంది. ఆయన మొహమంతా కట్లు, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె గంజి చెంచాతో కొద్దికొద్దిగా పెదాల మధ్య పోస్తోంది. నన్ను చూసి ఆయన ఒళ్లు బిగుసుకుంది, గంజి మెడమీదికి కారింది. నేను నిలబడే చెప్పాను. ఫ్యూజు, నిద్ర, లేని టార్చి, అంతా చెప్పాను. ఆమె ఆయన మెడ తుడిచింది. గంజి గ్లాసు కింద పెట్టింది. స్టీలు క్యారేజీ తీసుకుని నా మొహంమీద కొట్టింది.

కనుబొమ్మ చీలింది. నేను పడ్డాక ఇంకో రెండు కొట్టింది. పైపన్ను ఒకటి ఊడింది. నర్సులు వచ్చి పట్టుకునేదాకా ఆగలేదు. కొడుతూ ఏడ్చింది, "నా గుడిసె, నా మేకపిల్ల, నా ముసిలోడి సెయ్యి" అని. నేను చేతులు అడ్డం పెట్టలేదు. పెట్టాలని కూడా అనిపించలేదు.

తరవాత పమిటతో మొహం తుడుచుకుని, "లెగు. పోలీసులకి సెప్దూగాని రా" అంది. ఆటోలో నా పక్కనే కూర్చుంది.

స్టేషనులో ఎస్సైగారు నేను చెప్పేది వినకముందే నా మొహం చూసి, ఎవరు కొట్టారని అడిగారు. మెట్లమీద పడ్డానండి అన్నాను. ఆవిడకి నేను చెయ్యగలిగిన ఉపకారం అదొక్కటే అనుకున్నాను.

"పడనేదు బాబూ. నానే కొట్టాను" అంది జగ్గమ్మ. "క్యారేజీతో మూడు దెబ్బలు కొట్టాను. అది రాయండి. ఈ బాబు సెప్పేదీ రాయండి. నాకోసం ఇతగాడు మళ్లీ అబద్ధమాడక్కర్లేదు."

ఆయన రాసుకున్నారు. నేను ఫ్యూజు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. అదీ రాసుకున్నారు. తరవాత ఆయన కలం ఆపి, సరే, దాలయ్య దవడ విరగ్గొట్టింది ఎవరు అని అడిగారు.

ఎవరి దెబ్బో తెలీదని నీకు రాశాను. నాకు తెలుసు. జగ్గమ్మ నావైపు చూస్తోంది. ఆమె తన మూడు దెబ్బలు చెప్పుకున్నంత తిన్నగా చెప్పాలని చూశాను గానీ రెండుసార్లు అడిగించుకున్నాను. మూడోసారి మా మావ పేరు చెప్పలేదు, ఆయన మనుషుల పేర్లు చెప్పలేదు. అవి తరవాత చెప్పాను. దవడమీద స్టాండుతో కొట్టింది నేనేనని చెప్పాను.

నీ తమ్ముడు,
ఉపేంద్ర